రంగం సీతాలు గడువు

సీతాలు ఒరిస్సాలోని బరంపురం స్టేషన్లో రైలు దిగిన రోజున ఆమె దగ్గర ఒక ట్రంకు పెట్టె, ఒక వెదురు బుట్ట, బర్మా ప్రభుత్వం ఇచ్చిన ఒక పాస్‌పోర్టు ఉన్నాయి. పాస్‌పోర్టులో మూడు నెలల వీసా ముద్ర. అది పందొమ్మిది వందల యాభై ఎనిమిది, కార్తీక మాసం. ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్న అన్న కూర్మారావును ఆమె పోల్చుకోలేదు. అతనూ ఆమెను పోల్చుకోలేదు. ఒకరి పక్కనుంచి ఒకరు రెండుసార్లు నడిచిపోయారు. మూడోసారి, "ఓలమ్మ, ఇంత జనంలో మాయన్నెక్కడున్నాడో" అని ఆమె తనలో తాను గొణుక్కున్న మాట కాస్త పైకి వినిపించింది. ఆ గొంతు అచ్చం వాళ్లమ్మ గొంతు. కూర్మారావు గిరుక్కున తిరిగి, "సీతాలా?" అన్నాడు.

పదహారేళ్ల ఎడబాటు అది. వాళ్ల తండ్రి అప్పయ్యది దిగపహండి అవతల ఒక చిన్న పల్లె. కుర్రతనంలోనే ఓడెక్కి రంగం వెళ్లి, అక్కడ బియ్యపు మిల్లులో కుదిరాడు. రంగూన్ను ఆ వైపు తెలుగువాళ్లందరూ రంగమనే అంటారు. కూర్మారావు, సీతాలు అక్కడే పుట్టారు. యుద్ధంలో జపాను బాంబులు పడ్డప్పుడు తండ్రీ కొడుకూ కొండలూ అడవులూ పట్టి నడిచి ఇండియా చేరారు. సీతాలుకు అప్పటికే పెళ్లయింది. మొగుడికి రేవులో పని, తల్లికి నడిచే ఓపిక లేదు. ముగ్గురూ అక్కడే ఉండిపోయారు.

ఆ తర్వాత ఇక్కడ తండ్రి పోయాడు, అక్కడ తల్లి పోయింది. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చాక, రేవులో పని నిలబెట్టుకోవాలంటే ఆ దేశపు కాగితాలుండాలని నలుగురూ అంటే, సీతాలు మొగుడు తనకూ పెళ్లానికీ బర్మా పౌరసత్వం రాయించాడు. నాలుగేళ్లకు అతనూ జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. సీతాలు ఒక పురుళ్ల ఆసుపత్రిలో ఆయాగా చేరింది. తోడబుట్టినవాణ్ణి ఒక్కసారి కళ్లారా చూసుకోవాలని అయిదేళ్లు కూడబెట్టి, రానూపోనూ ఓడ టిక్కెట్టు కొనుక్కుని, సెలవు పెట్టి వచ్చింది.

కూర్మారావుకు బరంపురం బజారులో వల నూలు, తాళ్లు, గాలాలు అమ్మే చిన్న కొట్టు ఉంది. ఆర్యపల్లి బెస్తవాళ్లు అతని ఖాతాదార్లు. కొట్టు వెనకే రెండు గదుల ఇల్లు. మూడు నెలలంటే చాలా కాలమే అనుకుంది సీతాలు. మొదటి నెల మాటలతోనే గడిచిపోయింది. అన్న తండ్రి సంగతులు చెప్పాడు, ఆమె తల్లి సంగతులు చెప్పింది. ఇద్దరూ ఏడవాల్సినంతా ఏడ్చారు. తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్లి వదిన చేతిలోంచి గరిటె లాక్కుంది.

వదిన పుణ్యవతికి ముప్పై ఏళ్లు. మూడుసార్లు కడుపు నిలిచి, మూడుసార్లూ అయిదో నెలలో పోయింది. సీతాలు వచ్చేనాటికి మళ్లీ నెల తప్పి ఉంది. ఎవరి నోటన పడితే ఏమవుతుందోనని ఆ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సీతాలు రెండో వారానికే కనిపెట్టింది. పురుళ్ల ఆసుపత్రిలో అయిదేళ్లు పనిచేసిన మనిషి దగ్గర ఆ సంగతి దాగుతుందా?

జనవరి నెలాఖరున ఒక పొద్దున్న పుణ్యవతి పెరట్లో గోడ పట్టుకుని నిలబడిపోయింది. రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. లేడీ డాక్టరు చూసి, బిడ్డ ఇంకా ఉంది గాని కాన్పయ్యేదాకా ఈమె మంచం దిగకూడదంది. కాన్పు జూన్లో.

ఇంటికొచ్చాక పుణ్యవతి గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అటు తిరిగే, "నీ ఓడ ఎప్పుడే సీతాలూ?" అని అడిగింది.

"ఇంకా పద్దెనిమిది రోజులున్నాది వదినా."

పుణ్యవతి దుప్పటి తల మీదికి లాక్కుంది. ఉండమని అడగలేదు. అడిగి ఉంటే సీతాలు ఏమనేదో గాని, అడక్కపోవడంతో ఆమెకు కాళ్లకు సంకెళ్లు పడినట్టయింది. లేచి కొట్లోకి వెళ్లింది. కూర్మారావు నూలు ఉండలు పేరుస్తున్నాడు.

"అన్నియ్యా, ఈ గడువు పెంచుకోడానికి ఏటి సెయ్యాలి?"

అతను చేతిలో ఉండ పక్కన పెట్టాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. "ఛత్రపూర్ ఎల్లాలంట. అక్కడ పోలీసు పెద్దాఫీసులో పరదేశీల రిజిస్టరుంటాది. అందులో రాయించుకోవాలి."

"పరదేశీలంటే ఎవులు?"

"నువ్వే."

సీతాలు ఒక్క క్షణం అన్న ముఖం చూసి, ఫక్కున నవ్వింది. మర్నాడు ఇద్దరూ ఛత్రపూర్ బండెక్కారు.

ఛత్రపూర్లో కచేరీల ముందు వసారాలో అర్జీలు రాసే కాశీవిశ్వనాథం అనే పెద్దమనిషి ఉండేవాడు. కోమట్ల ఇంటి బిడ్డ. అన్నదమ్ములు వ్యాపారంలో ఉంటే ఇతను కాగితాల దారి పట్టాడు. ముక్కు కొసన కళ్లజోడు, ఒళ్లో రాతబల్ల, పక్కన సిరాబుడ్డి. పాస్‌పోర్టు ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, ఫారం తీశాడు.

"ఈ దేశంలో ఇంకా ఉండవలసిన కారణం ఏమిటమ్మా?"

"మా వదిన పురుడు బాబూ."

అతను ఇంగ్లీషులో రెండు వరుసలు రాశాడు. సీతాలు తొంగి చూసి, "ఏటి రాసినారు?" అంది.

"దగ్గరి బంధువు ప్రాణాపాయంలో ఉంది, సేవ చేయడానికి వేరే మనిషి లేదు అని."

"పాణాపాయమని రాయకండి బాబూ. పురుడని రాయండి."

"అలా రాస్తే బలంగా ఉండదమ్మా."

"బలం నేకపోతే పోనీండి. ఆ మాట మాత్రం ఒద్దు."

కాశీవిశ్వనాథం కళ్లజోడు పైనుంచి ఆమెను చూసి, ఆ ఫారం చింపేసి కొత్తది తీశాడు. పురుడని రాశాడు. రెండో ఫారం డబ్బులు తీసుకోలేదు.

ఆ ఒక్క ఫారంతో పనైపోలేదు. ఫీజు ఖజానాలో కట్టి చలానా తేవాలి. వీళ్లకు ఆ సంగతి తెలిసేసరికి ఖజానాలో డబ్బు తీసుకునే వేళ దాటిపోయింది. వెనక్కొచ్చి మర్నాడు మళ్లీ వెళ్లారు. అప్పుడు ఫోటోలో తల మీద ముసుగుందని, ముఖం సరిగ్గా కనపడాలని అన్నారు. బరంపురం వచ్చి స్టూడియోలో మళ్లీ మూడు కాపీలు తీయించారు. రైలు ఖర్చు, రిక్షా ఖర్చు, స్టాంపు కాగితం, హామీ సంతకం పెట్టిన షావుకారుకు మర్యాదగా ఒక పళ్ల బుట్ట. ఫీజు ఒక్కటే అయితే కూర్మారావు నవ్వుతూ కట్టేవాడు. అతన్ని కుంగదీసింది కొట్టు మూసిన రోజులు. అవి వల నూలు అమ్ముడుపోయే రోజులు. ఆర్యపల్లి నుంచి శ్రమపడి వచ్చిన బెస్తవాళ్లు మూసిన తలుపు చూసి, పక్క వీధి కొట్టుకు పోయారు. అటు పోయిన వాళ్లలో కొందరు మరి ఇటు తిరిగి రాలేదు. ఆ సంగతి కూర్మారావు చెల్లెలికి చెప్పలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు గుమాస్తా కాగితాలన్నీ సరిచూసి, "ఈమెకు ఇక్కడి భాష ఏదైనా వచ్చా?" అని ఒడియాలో కూర్మారావును అడిగాడు.

సీతాలుకు ఒడియా రాదు. అన్న మోచేయి పట్టుకుని, "ఏటంతన్నాడన్నియ్యా? మళ్లీ ఏటి తేమంతన్నాడు?" అంది.

గుమాస్తా తలెత్తి చూశాడు. అతనికి తెలుగు బాగానే వచ్చు. "మా వీధిలో పాలమ్మే ముసలమ్మ ఇలాగే మాట్లాడుతుంది. ఈమె పరదేశీనా!" అని నవ్వుతూ, మూడు నెలలకు ముద్ర కొట్టాడు. మే పదిహేను దాకా.

ఆ మూడు నెలలూ సీతాలు వదినను పసిపిల్లలా చూసుకుంది. నీళ్లు పోసేది, తల దువ్వేది, పథ్యం వండి ముద్దలు కలిపి పెట్టేది. అయిదో నెల దాటిన రోజున ఇద్దరిలో ఎవరూ నోరు విప్పి ఆ మాట అనలేదు గాని, పుణ్యవతి ఆ పూట రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకుంది. ఆరో నెలలో బిడ్డ తన్నినప్పుడల్లా ఆమె సీతాలును కేకేసేది. సీతాలు పొయ్యి మీద ఉన్నది అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చి చెయ్యి పెట్టి చూసేది.

ఏప్రిల్లో రంగం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు. సీతాలు దాన్ని రవికలో దోపుకుంది. రెండో గడువు కోసం ఛత్రపూర్ వెళ్లినప్పుడు, అన్న చలానా కోసం ఖజానా దగ్గర నిలబడి ఉండగా, కాశీవిశ్వనాథం చేతికిచ్చి చదవమంది.

ఆయన చదివి కళ్లజోడు తీశాడు. "మీ ఆసుపత్రి నుంచమ్మా. ఈ నెలాఖరుకు చేరకపోతే నీ పనిలో వేరే మనిషిని పెట్టుకుంటారట."

"అంతేనా?"

"అంతే."

"ఓడ టిక్కెట్టు కూడా ఆరు నెలలే బాబూ. వొచ్చేనెలతో సెల్లదు." ఆమె ఉత్తరం తీసుకుని మళ్లీ మడతపెట్టింది. "మాయన్నకి సెప్పకండి."

"చెప్పనులే. కాని అమ్మా, ఉద్యోగం పోయి, టిక్కెట్టు పోయి, రేపు ఇక్కడివాళ్లు ఉండొద్దంటే నీ గతేమిటి?"

"జూన్ ఎల్లనీండి," అంది సీతాలు.

ఈసారి గుమాస్తా ముద్ర కొట్టలేదు. ఆరు నెలలు దాటితే తమ చేతిలో లేదని, పైకి రాయాలని చెప్పాడు. ఆమె తండ్రి ఈ జిల్లాలో పుట్టినవాడని ఎవరైనా వాంగ్మూలం ఇస్తే అర్జీకి జతచేస్తామన్నాడు. అన్నా చెల్లెళ్లు ఆ వారమే దిగపహండి బస్సెక్కారు. అక్కడ దిగి, ఎండలో మూడు మైళ్లు నడిచి తండ్రి పల్లెకు వెళ్లారు. తండ్రికి వరసకు తమ్ముడయ్యే తవిటయ్య ఒక్కడే మిగిలాడు. డెబ్బై దాటిన మనిషి. సీతాలును వెలుతురులో నిలబెట్టి పైనుంచి కిందిదాకా చూశాడు.

"అప్పయ్య కూతురివా? మీ అయ్య రంగం ఎల్లినప్పుడు నా గొడుగు అట్టుకుపోనాడు. వొచ్చేటప్పుడు రెండు తెస్తానన్నాడు."

"తేనేదా సిన్నాన్నా?"

"తానే సగమై వొచ్చినాడు, గొడుగులేటి తెస్తాడు!" అని తవిటయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. కరణం స్టాంపు కాగితం మీద రాస్తే, అప్పయ్య ఈ ఊళ్లోనే పుట్టాడనీ తనకు స్వయంగా తెలుసనీ ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు.

అర్జీ పైకి వెళ్లింది. జవాబు ఉత్తరం ద్వారా తెలియజేస్తామన్నారు. కూర్మారావు రోజూ పోస్టుమాన్ కోసం కొట్టు ముందు నిలబడేవాడు. నూలు గోనెల రసీదులు వచ్చేవి, పెళ్లి పిలుపులు వచ్చేవి, అది మాత్రం రాలేదు. మే పదిహేను వచ్చింది. వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో అందరి తీరూ మారిపోయింది. సీతాలు వీధిలోకి రావడం మానేసింది. కుళాయి నీళ్లకు కూడా కూర్మారావే వెళ్లేవాడు. ఛత్రపూర్ వెళ్లి అడుగుదామా అంటే అతనికి ధైర్యం చాలలేదు. మరిచిపోయినవాళ్లకు మనమే వెళ్లి గుర్తు చేసినట్టవుతుందేమోనని భయం. ఎవరో చెప్పారు, గడువు దాటినవాళ్లను పట్టుకుని కలకత్తా తీసుకెళ్లి ఓడెక్కిస్తారని. ఇంకెవరో జైలన్నారు. ఒక మధ్యాహ్నం కానిస్టేబులొకడు నేరుగా కొట్లోకి వచ్చి నిలబడ్డాడు. లోపల్నుంచి చూసిన సీతాలు పెరటి తలుపు తీసి, గోడ అవతల పక్కింటి పిడకల గూటి వెనక కూర్చుంది. కూర్మారావు లేచి నిలబడ్డాడు.

"ఏటి బాబూ?"

"ఆవును కట్టడానికి తాడు కావాలి. ఎనిమిది మూరలు."

కూర్మారావు పన్నెండు మూరలు కోసి ఇచ్చి, ఎనిమిది మూరలకే డబ్బు తీసుకున్నాడు. లోపలికి వెళ్లి చూస్తే చెల్లెలు లేదు. పిడకల వెనక దొరికింది. ముఖమంతా చెమట, చీరంతా పేడ. "ఆవు తాడే," అన్నాడు. ఆమె నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని, "పురుడయ్యేదాకా అన్నియ్యా. పురుడయ్యేదాకా నన్ను అట్టుకోకుండా ఉంటే సాలు," అంది.

జూన్ పద్నాలుగున, ఆదివారం తెల్లవారాక, పుణ్యవతికి నొప్పులు మొదలయ్యాయి. కూర్మారావు రిక్షా తెచ్చాడు. "నువ్వు ఇంటికాడే ఉండు సెల్లీ. ఆసుపత్రిలో పదిమందీ ఉంటారు, పేరు అడుగుతారు," అన్నాడు.

సీతాలు అప్పటికే రిక్షాలో కూర్చుని వదిన తల తన భుజానికి ఆనించుకుంది. "అడిగితే సెప్తాను. నడిపించు."

పేరు అడిగారు. చెప్పింది. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజు నర్సులు తక్కువ, పురుళ్లు ఎక్కువ. పుణ్యవతి కేకలు పెడుతుంటే సీతాలు పక్కన నిలబడి ఎప్పుడు ఊపిరి బిగబట్టాలో ఎప్పుడు వదలాలో చెబుతూ నడుం పట్టింది. మధ్యలో నర్సు అడక్కముందే వేడినీళ్లూ గుడ్డలూ అందించింది. పదకొండున్నరకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. లేడీ డాక్టరు కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద తట్టింది. ఒకటి, రెండు, మూడు. సీతాలు లెక్కపెడుతూనే ఉంది. ఆరో దెబ్బకు పిల్ల కెవ్వుమంది. ఆ కేక వరండాలో కూర్మారావుకు వినిపించి, అతను అక్కడున్న బెంచీ మీద కాకుండా దాని పక్కన నేలమీద కూలబడ్డాడు.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నావ్?" అని లేడీ డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగింది.

"రంగంలోనండి," అంది సీతాలు, భయం మరిచిపోయి.

పురుడు స్నానాల రోజున తవిటయ్య వచ్చాడు. ఎవరు కబురంపారో గాని, తొలకరి వానలో తడిసి, దిగపహండి బస్సు దిగి, చేతికర్ర పొడుచుకుంటూ కొట్లోకి వచ్చాడు. పిల్లను చూశాడు, అర్ధరూపాయి చేతిలో పెట్టాడు, గంజి తాగాడు. తర్వాత మొలలోంచి అరిటాకులో చుట్టిన ఒక పొట్లం తీశాడు.

"ఇది మీదేనా, సూడండి. ముద్ర ఉన్నాది. నాకు సదువు రాదు. పోస్టువోడు అప్పయ్య కూతురికని నా సేతిలో ఎట్టినాడు. తడవకుండా తేవాలని ఇన్నాళ్లూ కావిడి పెట్టిలో దాసినాను."

ఆకు విప్పితే గోధుమరంగు సర్కారు కవరు. కూర్మారావు కవరు అంచు చింపాడు. అతనికి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఒక్కో మాటా పట్టుకుని చదివాడు. సీతాలు, అప్పయ్య కూతురు, బర్మా పౌరురాలు, ఈ ఏడు సెప్టెంబరు నెలాఖరు వరకు ఉండటానికి అనుమతించడమైనది. పైన తేదీ మే ఎనిమిది.

"మళ్లీ సదువు," అంది సీతాలు.

చదివాడు.

"తేదీ ఒక్కటీ మళ్లీ సదువు."

"మే ఎనిమిది."

అంటే గడువుకు వారం ముందే అనుమతి వచ్చేసింది. నెలన్నాళ్లుగా వాళ్లు ప్రాణాలు అరచేత పెట్టుకుని బతికినదంతా వట్టిదే. తప్పు ఎవరిదో కూర్మారావుకు వెంటనే తెలిసింది. అర్జీ రాయించేటప్పుడు కాశీవిశ్వనాథం శాశ్వత చిరునామా అడిగితే, తండ్రి సంగతే అడుగుతున్నాడనుకుని పల్లె పేరు చెప్పింది తనే. తల కొట్టుకుంటూ, "నాదే, నాదే బుద్ధి తక్కువ," అన్నాడు.

మంచం మీద పిల్లకు పాలిస్తున్న పుణ్యవతి ముందు నవ్వింది. పచ్చి బాలింత అలా నవ్వకూడదని సీతాలు చెయ్యి అడ్డం పెట్టబోయి తనూ నవ్వింది. పిడకల గూడు గుర్తొచ్చి మరీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ గోడకు జారగిలబడి, చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బావురుమంది.

తవిటయ్య బెదిరిపోయాడు. "నానేటి తప్పు సేసినానా?"

"నేదు సిన్నాన్నా," అంది సీతాలు కళ్లు తుడుచుకుంటూ. "ఇంకాస్త గంజి తాగు."

పురుడు గదిలో సందడి తగ్గాక అన్నా చెల్లెళ్లిద్దరూ ఛత్రపూర్ వెళ్లారు. గుమాస్తా రిజిస్టరు తీసి, "మేలోనే పంపించాం గదా, ముద్రకు ఇంతవరకూ రాలేదేం?" అన్నాడు. కూర్మారావు చిరునామా సంగతి చెబితే, ఉత్తరం మీద తేదీ ఉంది గనక దిగులు పడనక్కర్లేదని పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. అయిదు నిమిషాల పని.

బయట వసారాలో కాశీవిశ్వనాథం చేతికి మిఠాయి పొట్లం ఇచ్చారు. ఆయన సంతోషించి, వెంటనే లోకవ్యవహారంలో పడి, "అయితే ఇప్పుడు మీ సీతాలు సంగతేమిటయ్యా?" అన్నాడు కూర్మారావుతో. "అక్కడ ఆసుపత్రి పని పోయింది, ఓడ టిక్కెట్టూ చెల్లదు. సెప్టెంబరు తర్వాత ఎక్కడికని పంపుతావు?"

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. సీతాలు అటు తిరిగి నిలబడింది.

కూర్మారావు చెల్లెలి ముందుకు వెళ్లాడు. "పని పోనాదా?"

"పోనాది."

"ఎప్పుడు?"

"ఏప్రిల్లో."

"నాతో ఎందుకు సెప్పనేదే?"

"సెప్తే ఎల్లిపోమంటావు."

"అంటాను! ఎందుకనను? పాతిక రూపాయల కర్సుకి, కొట్టు మూసిన రోజులకి దిగులుపడతన్నాను నాను. నువ్వు బతుకుతెరువే ఒగ్గీసినావు." అతను అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నాను రైలు సార్జీల లెక్కలు ఏస్తున్నాను కూకుని."

"అన్నియ్యా," అంది సీతాలు మెల్లగా, "ఆసుపత్రిలో నెలకి యాభై మంది బిడ్డల్ని ఎత్తుకునేదాన్ని. ఒక్కటీ మనది కాదు. ఇది మనది. ఇందులో పోయిందేటి?"

కాశీవిశ్వనాథం దగ్గాడు. "ఇద్దరూ కూర్చోండి ముందు. నేను అడిగింది ఏడిపించడానికి కాదు." వాళ్లు కూర్చున్నాక చెప్పాడు. "పౌరసత్వం చట్టమని నాలుగేళ్ల కిందట వచ్చింది. తండ్రి ఇక్కడ పుట్టినవాడై, తను ఆరు నెలలు ఈ దేశంలో సక్రమంగా ఉన్న మనిషి కలెక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోవచ్చు. ఈమె వచ్చి ఏడు నెలలు దాటింది. ఒక్క రోజు కూడా లోటు లేదు, ఆ ఉత్తరమే సాక్ష్యం. తవిటయ్య వాంగ్మూలం ఉండనే ఉంది. మీరు ఆ గడువు పెంచుకోకుండా ఫిబ్రవరిలోనే ఓడెక్కి ఉంటే ఈ దారి ఉండేది కాదు."

"అంటే మరి గడువుండదా?" అని అడిగింది సీతాలు.

"ఉండదు. ముద్రలుండవు, ఫోటోలుండవు. బతికినంత కాలం ఉండొచ్చు. కాని బర్మా పాస్‌పోర్టు వదులుకోవాలి. ఆలోచించుకో."

ఆమె రెండు వారాలు ఆలోచించింది. రంగంలో తన గది, వర్షాకాలంలో ఆ వీధి వాసన, పొద్దున్నే కలిసి టీ తాగే స్నేహితురాలు కన్నమ్మ, అన్నీ గుర్తుకొచ్చాయి. పుట్టిన ఊరది. అమ్మ, మొగుడు కలిసిన మట్టది. ఒకరోజు పిల్లకు నూనె రాస్తూ, "కన్నమ్మకి ఉత్తరం రాయాలి వదినా, గది కాళీ సేసి సామానమ్మేయమని," అంది. పుణ్యవతి పిల్లను ఎత్తి ఆమె ఒళ్లో పడుకోబెట్టి, వంటింట్లోకి వెళ్లి పదినిమిషాలకు గాని బయటికి రాలేదు. వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

లేడీ డాక్టరు దగ్గరికి సీతాలు తనే వెళ్లి పని అడిగింది. కాగితాలు అయ్యాక రమ్మంది ఆవిడ.

కాగితాలు అయ్యేసరికి సెప్టెంబరు మూడో వారం. కలెక్టరు కచేరీలో ఒక అధికారి ముందు నిలబడి, ఈ దేశ రాజ్యాంగానికి విధేయురాలినై ఉంటానని ఆయన చెప్పిన మాటలు వెంట చెప్పింది. పాస్‌పోర్టు బల్ల మీద పెట్టేటప్పుడు వేళ్లు ఒక్క క్షణం దాని మీదే ఆగాయి. తీసేసింది. చేతికి ఒక కాగితం ఇచ్చారు. దాన్ని కూర్మారావు మూడుసార్లు చదివి వినిపించాడు. ఈసారి ఆమె తేదీ అడగలేదు.

మధ్యాహ్నం పాసింజరెక్కారు. బండిలో జనం లేరు. కిటికీ పక్కన కూర్చున్న సీతాలు బండి కదిలిన రెండు నిమిషాలకే నోరు తెరుచుకుని నిద్రపోయింది. వచ్చినప్పటి నుంచీ చెల్లెలు అలా నిద్రపోవడం కూర్మారావు చూడలేదు. బరంపురం వచ్చాక లేపుదామనుకుని చూస్తూ కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ తనూ ఒరిగిపోయాడు.

ఎవరో భుజం తట్టారు. నల్లకోటు టిక్కెట్టు కలెక్టరు. "ఇవి బరంపురం దాకానే కదా బాబూ? ఇది ఇచ్ఛాపురం."

కూర్మారావు ఉలిక్కిపడి కిటికీలోంచి బోర్డు చూశాడు. బరంపురం ఎప్పుడో దాటిపోయింది. సీతాలు కళ్లు నులుముకుంటూ లేచింది.

"ఇది ఏ ఊరన్నియ్యా?"

"ఇచ్ఛాపురం. ఆంధ్రాలోకి వొచ్చీసినాము."

ఆమె చెయ్యి గబుక్కున సంచి మీదికి వెళ్లింది. "కాగితం సూపించాలేటి?"

"అక్కర్నేదు," అన్నాడు టిక్కెట్టు కలెక్టరు, ఎందుకడిగిందో తెలియక. "అదనపు చార్జీ కడితే చాలు."

కూర్మారావు జేబులో చెయ్యి పెట్టి, డబ్బు తియ్యకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ ప్రతి పైసాకూ ముఖం మాడ్చుకున్న మనిషి, నవ్వుతూ నాణేలు ఒక్కొక్కటీ టిక్కెట్టు కలెక్టరు చేతిలో వేశాడు. చిల్లర ఉంచుకోమన్నాడు కూడా. అతను ఉంచుకోలేదు, రసీదుతో పాటు తిరిగిచ్చాడు.

ఇద్దరూ దిగి ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చున్నారు. వెనక్కి వెళ్లే బండి ఇంకో గంటన్నరకు గాని లేదన్నారు. కూర్మారావు వేయించిన వేరుశనక్కాయలు రెండు పొట్లాలు కొన్నాడు. సీతాలు సగం తిని, మిగిలినవి వదినకని చెంగున కట్టుకుని, బెంచీకి వెనక్కి ఆనుకుని మళ్లీ కళ్లు మూసుకుంది. ఈసారి కూర్మారావు మేలుకునే ఉన్నాడు.